పసుపు నీళ్లు

ఎర్రటి ఎండలో ఎండిపోయి ఉండాల్సిన వాన కాలువలో పసుపుపచ్చటి నీళ్లు కనిపించేసరికి దమయంతి గబగబా కాలువ గట్టు దిగింది. కాలువ కాపలా ఆమె పని. ఆ కాలువ కలిసేది విశాఖ అంతా తాగే చెరువులో. దొంగ గొట్టం దొరక్కపోతే సాయంత్రానికి వీధి మొత్తానికి కుళాయిలు కట్టేస్తారు.

ఏ ఇల్లూ చుక్క నీరు బయటికి వదలకూడని రోజులవి. వాడిన నీళ్లను పెరట్లోని మెషీను శుభ్రం చేసి, తిరిగి ఆ ఇంటి కుళాయికే పంపుతుంది.

దమయంతి కిందికి దింపగానే, నీళ్ల వాసన పట్టి గొట్టం జాడ తీసే మరపీత కాలువలో చకచకా పాకింది.

"మెల్లగా నడవ్వే, నీకు నడుంనొప్పి లేదు గానీ నాకుంది" అని విసుక్కుంటూ దమయంతి దాని వెంట నడిచింది.

పీత నూకరాజు గోడ దగ్గర ఆగి కూత పెట్టింది. ఆయన తలుపు తీశాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏటి బాబాయ్, ఇంట్లో చీరల అద్దకం మొదలెట్టేవేటి? వీధందరి గొంతూ ఎండబెడతావా?"

"అద్దకం కాదమ్మా. పొద్దున్న మీ పిన్ని పోయింది. పసుపు రాసి ఆఖరి తానం చేయించేం. ఆ నీళ్లు మెషీన్లోకి పోతే, రేపు అదే కుళాయి తిప్పి నేను టీ కాసుకోవాల. నా వల్ల కాలేదు తల్లీ. గొట్టం కోసి కాలవలోకి నేనే వదిలేసేను. మీరంతా తాగుతారని తెలిసే వదిలేసేను."