పిడకల గోడ

అరవై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని. చెయ్యి మెల్లగా నడుస్తుంది, ఒత్తులు అక్కడక్కడ తప్పుతాయి. చదివేవాళ్లు సర్దుకోవాలి. ఇది నైజాం చివరి రోజుల ముచ్చట.

"కూలగొట్టు పోశయ్యా!" అన్నాడు భూముల లెక్కలు చూసే గిర్దావర్ వెంకటనర్సయ్య.

పోశయ్య గడ్డపార ఎత్తాడు గానీ వెయ్యలేకపోయాడు. గోడకు అడ్డంగా ఒక ముసలామె నిలబడి ఉంది. దుర్గవ్వ అట పేరు. గిర్దావర్ సామాను వెట్టికి మోస్తూ కోహెడ నుంచి పొద్దున్నే సిద్దిపేటకు వచ్చిన పోశయ్యకు ఆమె ఎవరో తెలియదు. తెలిసింది సర్కారు హుకుం ఒక్కటే. సడక్ పక్క ఇండ్ల ప్రహరీ గోడ మనిషి ఎదురొమ్ము దాటకూడదు. దాటాలంటే కచేరి ఇజాజత్, అంటే అనుమతి, ఉండాలి. ఈ గోడ గిర్దావర్ తలపాగాను కూడా దాటింది.

"ఇజాజత్ ఏదే?"

"ఎండకాలంల అడిగితే వానకాలంల రమ్మన్నరు బాంచెన్. అందాక నా కోడలు తానం చెయ్యకుంట ఉంటదా? గోడ అవతలనే తానాల బండ. గుర్రాల మీద పోయేటోళ్ల కండ్లన్నీ గీడనే."

"అందుకని గోడ లేపుతవా?"

"గోడ యాడ లేపిన? మట్టిగోడ మీరు చెప్పినట్టు ఎదురొమ్ము కాడికే ఉన్నది. మీద ఉన్నయి పిడకలు. వానకు తడవకుంట పేడతోని అలికిన."

గిర్దావర్ బెత్తంతో పొడిచాడు. అలుకు పెళ్లలుగా రాలింది. ఊడిన ముక్కను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. పిడకే.

పోశయ్యకు నవ్వు వచ్చింది. దగ్గుతో కప్పుకున్నాడు.

"అయితే దించి ఇంట్ల పేర్చుకో."

"ఇల్లు సూస్తిరి గద అయ్యా, మేం పండుకుంటే కాళ్లు బయటనే ఉంటయి. పిడకలు ఎంత ఎత్తు పేర్చాల్నో హుకుంల ఉంటే సదివి చెప్పుండ్రి, ఇప్పుడే దించుత."

గిర్దావర్ హుకుం కాగితం తీసి చదివాడు. అందులో మట్టి ఉంది, రాయి ఉంది, కంప ఉంది, తడక ఉంది. పిడక లేదు. గిర్దావర్ ఎంతసేపు చూసినా లేదు. చదువు రాని మనిషి చదివించి మరీ గెలిచిందే అని పోశయ్య మురిసిపోయాడు. గడ్డపార నేలకు ఆనించాడు.

కానీ గిర్దావర్ ముఖంలోకి మెల్లగా నవ్వు వచ్చింది.

"మంచిది. గోడ కాదు, పిడకలే. ఒప్పుకున్న. మా మకాంల వంటకు పిడకలు లేవు. పోశయ్యా, వెట్టి బండి పట్టుకరా. ఒక్కటి మిగలకుంట ఎక్కియ్యి."

గోడ అంటే కూలుతుంది, పిడకలు అంటే వెట్టికి పోతాయి. ఎటు తిరిగినా రేపటి నుంచి ఆ ఇంటి కోడలు నడి సడక్ మీద తానం చేసినట్టే. దుర్గవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తీస్కపోండ్రి బాంచెన్," అంది. "గని మీరు పూజలు చేసుకునేటోళ్లు. చెప్పకుంటే పాపం నాకు తాకుతది. మా ఇంట్ల పురుడు. నిన్ననే అయింది. పురిటింటి పిడకల మీద వండిన బువ్వ మీరు తింటరో, తినరో."

గిర్దావర్ చేతిలోని పిడక జారిపడింది. దాని వెంబడే బెత్తం కూడా పడింది.

"ముందుగాల చెప్పొద్దా! మరి పసిగుడ్డు ఏడుపు ఇనొస్తలేదేంది?"

"ఇప్పుడే పాలు తాగి పండుకున్నడు."

"మొగపిల్లగాడా?" గిర్దావర్ గొంతు తనకు తెలియకుండానే తగ్గింది.

"అవునయ్యా. ముక్కు అచ్చం వాళ్ల తాతదే."

గిర్దావర్ చేతులు ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుని, ఇప్పుడు మళ్లీ తానం చెయ్యాలని గొణుక్కుంటూ సడక్ ఎక్కాడు. "రా పోశయ్యా! గా పిడకలు ముట్టకు!"

పోశయ్య గడ్డపార భుజాన వేసుకున్నాడు. ఇంత పెద్ద సర్కారును ఒక్కతే వాకిట్లోనే నిలబెట్టి పంపిన ఆ ముసలామెకు వంగి దండం పెట్టాడు.

"పిల్లగాడు సల్లగుండాలె అవ్వా."

పిడకల అవతలి నుంచి కోడలి గొంతు వినిపించింది.

"అత్తా, నాకింక నొప్పులే రాలె, నువ్వేమో మొగపిల్లగాడని గూడ జెప్తివి. ఆడపిల్ల పుడితే ఏం జేద్దామే?"

— కిష్టవ్వ, డెబ్బై నాలుగేండ్లు. ఇప్పుడు ఉంటున్నది నారాయణరావుపేటలో, చిన్న బిడ్డ ఇంట్లో.