మా అంటే

ఆమె భయం ఒక్కటే. తను పనిలో ఉన్న వేళ ఎవరో వచ్చి పాపను ఎత్తుకుపోతారని.

పాపకు ఏడాదిన్నర. నడక వచ్చింది, మాట రాలేదు. కాళ్లకు చక్రాలు కట్టుకున్నట్టు ఇల్లంతా తిరుగుతుంది. చూసుకోవడానికి అత్త ఉంది. కానీ రెండు ముద్దలు కడుపులో పడ్డాయంటే అత్తకు గోడకు ఆనుకున్నచోటే కునుకు పడుతుంది.

అలాంటి ఇంటికి ఓ ముసలాయన దాపురించాడు.

నాలుగు నెలలయింది మెట్ల కింద గదిలో దిగి. ఏ దేశమో, ఏ భాషో. ఇంటావిడ ఎప్పుడో మూయించేశానన్న పాత సంపు ఉంది పెరటి మూల. అక్కడే ఓ తలుపుచెక్క పరుచుకుని, దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటాడు. ఆమె పని నుంచి వచ్చేదాకా లేవడు. చేతిలో కర్ర. కళ్లు పాప మీద.

పాప దగ్గరికొస్తే కర్రతో చెక్క మీద కొట్టి, వేలు ఆడిస్తాడు.

"మా! మా!"

పాప కిలకిలా నవ్వి వెనక్కి పరిగెడుతుంది.

"ఏంటత్తా ఆయన గోల?"

"ఆడిస్తున్నాడే. పోనీలే, నాకూ కాస్త సాయం."

"మీరు గురకపెడుతుంటే ఊరూపేరూ లేనివాడు సాయమా?"

"నేనెక్కడ పెట్టానే గురక! కళ్లు మూసుకుని వింటుంటాను."

ఆమె చదువు ఆరో తరగతితో ఆగిపోయింది. తెలియనిది నలుగురినీ అడిగి తెలుసుకోవడమే తర్వాతి చదువు. కుట్టుపని షెడ్డులో ఆమెది గుండీల బల్ల. చుట్టూ ఏడుగురు, ఏడు భాషలు. అందరూ కలగాపులగంగా మాట్లాడుకునేవాళ్లే.

భోజనాల వేళ అడిగింది.

"మీ మీ భాషల్లో మా అంటే ఏంటి?"

"అమ్మ," అంది కాలర్లు కుట్టే అక్క.

"మాకూ అమ్మే. కాకపోతే గొంతు కాస్త వంచి అన్నావో, గుర్రం," అంది కత్తెర పట్టే ఆవిడ. "అమ్మను పిలిచేటప్పుడు జాగ్రత్తగా ఉంటాను. మా అత్తను పిలిచేటప్పుడు అంత పట్టించుకోను."

బల్లంతా నవ్వింది.

"మాకు 'కానీ' అని. ఏ పని చెప్పినా మా ఆయన ముందు అదే అంటాడు," అంది ఇంకొకామె.

ముసలి మేస్త్రీ నవ్వాడు.

"పసిపిల్లల పెదవులు కలిసి విడితే వచ్చే చప్పుడమ్మా అది. అందుకే సగం లోకం దాన్ని అమ్మకే ఇచ్చేసింది. మిగతావాళ్లకు ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరింది. మాట ఒకటే, పుట్టిళ్లు వేరు."

"మరి నీకు?" అంది కాలర్ల అక్క ఆమెతో.

"మాకా? మా ఇల్లు, మా పిల్ల. మాది, మీది కాదు అని."

చివరికి ఇస్త్రీపెట్టె దగ్గరి పిల్ల తలెత్తింది.

"మా వైపు మా అంటే దెయ్యం," అంది మెల్లగా.

ఆమె చేతిలో ముద్ద తిరిగి గిన్నెలో పెట్టేసింది.

అన్ని అర్థాల్లోనూ ఆమె ఇంటికి మోసుకెళ్లింది అదొక్కటే.

"పిన్నిగారూ, ఆయనుంటే మేం ఉండం," అంది ఆ సాయంత్రమే ఇంటావిడతో. "నా పిల్లను చూసి దెయ్యం దెయ్యం అంటున్నాడు."

"నాకూ తలనొప్పిగానే ఉందమ్మా. మొన్న మా మా అంటూ నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాగబోయాడు. పంపించేస్తాలే."

మర్నాడు షెడ్డుకు సెలవు. పొద్దున్నే బండి వచ్చింది. ముసలాయన పెట్టె ఎక్కింది, చాప ఎక్కింది. తలుపుచెక్క ఎత్తబోతే మాత్రం ఆయన రెండు చేతులా పట్టుకుని వేలాడాడు. బండివాడు విడిపించి దాన్నీ, ఆయన్నీ బండెక్కించాడు.

ఆయన బండిలోంచి, గుమ్మంలో నిలబడ్డ ఆమె వైపు తిరిగి గొంతు చించుకున్నాడు.

"మా! మా!"

"అవును, మాదే," అంది ఆమె, పాపను చంకనెత్తుకుని. "మీది కాదు."

బండి మలుపు తిరిగింది.

చాలా రోజుల తర్వాత ఆమె ప్రాణం తెరిపిన పడింది. పాపను అత్త దగ్గర దించి, వాకిట్లో దుప్పట్లు ఆరేసింది. లోపలికి వచ్చి చూస్తే అత్త కునుకులో ఉంది.

పాప లేదు.

పెరట్లోకి పరిగెత్తింది.

చెక్క ఉన్న చోట నేల లేదు. తుప్పుపట్టిన ఇనుప మూత ఎప్పుడో లోపలికి కూలిపోయింది. నల్లటి గుంత. అడుగున నిరుడు వానల నీళ్లు కదులుతున్నాయి.

అంచుకు జానెడు దూరంలో పాప. చేతిలో పుల్ల.

అరిస్తే బెదిరి పడుతుందేమోనని ఆమె అడుగు ఆపేసింది.

పాప పుల్లతో నేల మీద కొట్టింది. గుంతలోకి చూసి, అమ్మకు వేలు ఆడించి చూపింది.

"మా! మా!"

అంటూ ఒక్కో అడుగే వెనక్కి వేసింది.

అదే పాప మొదటి మాట. బల్ల చుట్టూ ఏడుగురిలో ఒక్కరికీ తెలియని అర్థం ఆ పిల్లకు తెలుసు. ముసలాయన భాషలో మా అంటే నీళ్లు.

ఆ మధ్యాహ్నమే ఆమె బండివాణ్ణి పట్టుకుంది. నాలుగు రోడ్ల కూడలిలో దింపేశానన్నాడు. ఎటు వెళ్లాడో చూడలేదన్నాడు. చెక్క కింద గుంత సంగతి ఇంట్లోవాళ్లకు తెలుసనుకున్నానన్నాడు. ఇంటావిడకు ఆయన పేరు కూడా తెలియదు.

సంపుకు సిమెంటు బిళ్ల వేశారు. అత్త మధ్యాహ్నాలు నిద్రపోవడం మానేసింది. ఆమె రోజూ ఆ కూడలి మీదుగానే పనికి వెళ్తుంది, చుట్టుదారయినా సరే.

మీ వీధిలో ఎక్కడైనా, కర్ర పట్టుకుని, ఎవరికీ అర్థంకాని ఒక్క మాటే అరిచే ముసలాయన కనిపిస్తే, తిన్నాడో లేదో ఒక్కసారి కనుక్కోండి. అన్ని నెలలూ ఆ గుంతకు మూత ఆయనే.