చేతకాని మేస్త్రీ

1926 కార్తీకంలో అరకు లోయ మొదటిసారి విమానాన్ని చూసింది. ఇంజను చెడి, గంగ అనే రైతు రాగిచేను పక్క బీడులో దిగింది.

ముందు సీట్లోంచి దొర దిగాడు. వెనక సీట్లోంచి నూనె మరకల బట్టలతో మేస్త్రీ వరహాలు దిగాడు.

దొర మాటల్ని అటవీ ఆఫీసు గుమస్తా సర్వేశ్వరరావు తెలుగులో చెప్పాడు.

"గంగా, ఎగరడానికి బీడు చాలదట. నీ చేను మీంచి పరుగెత్తాలట. ఇంజను బాగవగానే చోడి నరికేస్తారు."

గంగ చేనుకి అడ్డంగా నిలబడింది.

"గింజింకా గట్టిపడనేదు బాబూ. అయిదు దినాలాగితే నానే కోసుకుంతాను."

"దొర ఆగడు."

"ఆగకపోతే ముందు నన్ను నరకమను! ఏడాదంతా నా పిల్లలు తాగే అంబలది."

వరహాలు ఆమెకేసీ, చేనుకేసీ చూశాడు. ఇంజను మూత విప్పాడు.

మర్నాడు దొర అడిగాడు, అయిందా అని.

"లేదండి."

మూడోనాడు పనిముట్ల పెట్టెని బూటుకాలితో తన్నాడు. వరహాలు ఒక్కొక్కటే ఏరి, మట్టి తుడిచి, పెట్టెలో సర్దుకున్నాడు.

"ఇంకా కాలేదండి."

"అంత తొందరైతే దొరే బాగుసేసుకోడేటి?" అంది గంగ.

"నడపడమే ఆయన పని. మేస్త్రీ సరేననందే ఎక్కడు," అన్నాడు గుమస్తా.

గంగ పకపకా నవ్వింది.

"ఓ మేస్త్రీ! నీకన్నా మా కమ్మరోడు నయం. ఇన్ని దినాలు ఏటి సేత్తన్నావు?"

"నేర్సుకుంతన్నానప్పా," అన్నాడు వరహాలు, తల ఎత్తకుండానే.

అయిదోనాటికి గింజ గట్టిపడింది. గంగ ఇంటిల్లిపాదీ కోతకి దిగారు.

"నీ సేతకానితనవే నా సేను కాసింది, మేస్త్రీ!" అంటూ ఆఖరి మోపు నెత్తికెత్తుకుంది.

వరహాలు చేతులు తుడుచుకుని దొర దగ్గరికెళ్లాడు.

"అయిందండి."

దొర ఎక్కబోతూ, మేస్త్రీ మరమ్మతులు రాసే విమానం పుస్తకం తెరిచాడు. ముఖం కందగడ్డయింది. అరిచాడు. వెనక సీట్లోని వరహాలు సంచీని లాగి నేల మీదికి గిరాటేశాడు.

వరహాలు తల దించలేదు. ముందున్న పంకాని తనే చేత్తో తిప్పి ఇంజను స్టార్టు చేశాడు. విమానం చోడిమోళ్ల మీంచి పరుగెత్తి కొండ దాటిపోయింది.

ఊరంతా నవ్వింది. అందరికన్నా గంగే గట్టిగా నవ్వింది. గుక్కెడు అంబలైనా ఎవరూ పొయ్యలేదు. వరహాలు సంచీ భుజానేసుకుని శృంగవరపుకోట ఘాటీ దిగిపోయాడు.

"పని రాదని తీసేశాడేటి బాబూ?" అని గుమస్తాని అడిగింది గంగ.

"కాదు. ఆ పుస్తకంలో రాసినదానికి."

"ఏటి, అబద్దం రాసేడా?"

"రాసుంటే ఉద్యోగం నిలిచేది. అందులో అబద్ధం రాస్తే గాల్లో ప్రాణాలు పోతాయట. అందుకని నిజమే రాశాడు."

"ఏటని?"

సర్వేశ్వరరావు ఘాటీకేసి చూశాడు. దారి ఖాళీగా ఉంది.

"విమానం దిగిన సాయంత్రమే ఇంజను బాగుచేసేశానని."