మందు తాగిన పందిపిల్లలు

చైనాలోని హెనాన్‌లో అన్న బావోగెన్ పందుల షెడ్డులో సుచిన్ తల పట్టుకుని కూర్చుంది. వైరస్ సోకి, విరేచనాలు పట్టుకుని, ఈసారి ఈనిన పిల్లలన్నీ పోయాయి. ఆమె పరిశోధిస్తున్న మందు తాగినవీ చచ్చాయి, తాగనివీ చచ్చాయి.

ప్రయోగశాలలో ఆ మందు ఎన్నడూ తప్పలేదు. ఆ వైరస్ పంది కణంలోకి దూరాలంటే కొలెస్టరాల్ కావాలి. మందు దాన్ని తగ్గించేస్తే వైరస్‌కు దారి దొరకదు.

"గాజు గిన్నెలో గెలిచి దొడ్లో ఓడిపోయింది నీ మందు," అన్నాడు బావోగెన్. "చదువుకున్నోళ్ళని షెడ్డులోకి రానివ్వద్దని మీ వదిన ముందే చెప్పింది."

"ఎగతాళి చెయ్యకన్నా. ఇది చూస్తే పై వాళ్ళు నా పరిశోధన ఆపేస్తారు. ఎక్కడ తప్పిందో తెలియక చస్తున్నాను. మందు సరిగ్గానే పట్టావా?"

"నువ్వు చెప్పినట్టే పట్టాను. ఒక్క పూట మానలేదు."

ఆమె కళ్ళు తుడుచుకోవడం చూసి అతని గొంతు మెత్తబడింది.

"ఊరుకో చెల్లీ. నీ మందు తాగేవి మరీ నీరసంగా కనబడ్డాయి. నీ పరువు పోకూడదని, వాటికి మాత్రం రోజూ పాలల్లో గుడ్డు పచ్చసొన కలిపి పట్టాను. అయినా దక్కలేదు."

పచ్చసొన నిండా కొలెస్టరాలే. మందు తగ్గించిన కొలెస్టరాల్‌ని అన్న తన చేత్తోనే మళ్ళీ పోశాడు.

"ఇంకో పంది ఈనబోతోందిగా," అన్నాడు బావోగెన్. "ఈసారి పచ్చసొన ఇంకాస్త ఎక్కువే పడతాలే."