పక్కింటికి వినిపించని పురుడు

"కాన్పా, ఆపరేషనా?" అని అడిగింది పైవాటా బ్యాంకు ఆవిడ, కుర్చీ మంచం దగ్గరికి లాక్కుంటూ.

కోడలు నోరు తెరిచేలోపే అత్తగారు అందుకుంది.

"కాన్పెక్కడిది? ఈవిడ కళ్లు మూసుకుంది, వాళ్లు కోసి తీసి చేతిలో పెట్టారు. బజారుకెళ్లి సంచీ నింపుకొచ్చినంత సుఖం."

బిడ్డ పుట్టి తొమ్మిది రోజులు. కుట్లు ఇంకా లాగుతున్నాయి. పక్కకి తిరగాలంటే కోడలు ఊపిరి బిగబట్టి, ముందు మోకాళ్లు, తర్వాత నడుము తిప్పుకోవాలి. పద్నాలుగు గంటలు నొప్పులు పడ్డాక, లోపల బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందని డాక్టరు అప్పటికప్పుడు ఆపరేషన్ చేసింది. అత్తగారు అంతసేపూ బయట బల్ల మీదే కూర్చుంది. అయినా ఆ పద్నాలుగు గంటలూ ఆవిడ దృష్టిలో లేనట్టే. ముప్పై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పిన మనిషి. జవాబు తప్పయితే మధ్యలో చేసినదానికి మార్కులు వేసే అలవాటు లేదు.

బ్యాంకు ఆవిడ తన సంగతి చెప్పుకుంది. నడుముకి ఇంజెక్షన్ చేయించుకుని, నొప్పి తెలియకుండా ఇద్దర్ని కన్నదట. పన్ను పీకించుకోవడానికే మత్తు అడుగుతాం, దీనికెందుకు మొహమాటం అంది. అరువు నగలు పెట్టుకుని పెళ్లికొచ్చినదాన్ని చూసినట్టు చూసింది అత్తగారు. ఆ తర్వాత తన పురుడు మొదలుపెట్టింది.

కోడలికి అది కంఠతా వచ్చు. వానాకాలం. ఎవరూ ఎరగని ఊళ్లో అద్దె ఇల్లు. వెనక గది. మూడు రోజుల నొప్పులు. ఒక ముసలి మంత్రసాని తప్ప డాక్టరు లేదు, మందు లేదు. నోట్లో తువ్వాలు కుక్కుకోవడం, పెదవి చిట్లి గడ్డం దాకా నెత్తురు కారడం, ముఖం సున్నంలా పాలిపోవడం.

"ఒక్క కేక లేదు. గోడ అవతల ఉన్న పక్కింటివాళ్లకే తెలియలేదు. ఆడదంటే అలా కనాలి."

అప్పుడే చిన్నత్త పాలగ్లాసుతో లోపలికొచ్చింది. అత్తగారి చెల్లెలు ఆవిడ. పెళ్లి చేసుకోలేదు. బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుడుతూ, అక్క కొడుకుని ఎత్తుకు తిప్పుతూ ఈ ఇంట్లోనే ఉండిపోయింది.

"ఎలా పుడితే ఏంలే అక్కా, పిల్ల బాగుంది కదా" అంది మెల్లగా.

"నువ్వు ఊరుకో. పురిటి మంచం ఎక్కనిదానివి, నీకెందుకీ మాటలు?"

ఆ మాట అత్తగారు గబుక్కున అనేసి బ్యాంకు ఆవిడ ముఖంలోకి చూసింది. బ్యాంకు ఆవిడ చేతిసంచిలో లేని వస్తువేదో వెతుక్కుంది. చిన్నత్త గ్లాసు పెట్టి వెళ్లిపోయింది.

బ్యాంకు ఆవిడ లేచాక, సాగనంపడానికి అత్తగారు మేడమెట్ల దాకా వెళ్లింది. ఉయ్యాలలో పిల్ల ఏడిస్తే చిన్నత్త మళ్లీ వచ్చింది. పిల్లని అందించి, కోడలి మోచేతి కింద దిండు సర్దింది. తొమ్మిది రోజుల నుంచి మాట్లాడకుండా ఆ పని చేస్తున్న మనిషి ఆవిడొక్కతే.

కోడలు ఇక ఆపుకోలేకపోయింది. రేపే పుట్టింటికి వెళ్లిపోతానంది. పిల్లని మళ్లీ ఈ గడప తొక్కనివ్వనంది. చిన్నత్త చెయ్యి దిండు మీదే ఆగిపోయింది.

"తొందరపడకమ్మా. అక్క నోరే అంత."

"నోరు కాదు, కోతలు. నేను పత్రికలో ప్రూఫులు దిద్దేదాన్ని చిన్నత్తయ్యా, తప్పు నా కంట పడకుండా పోదు. ముఖం సున్నంలా పాలిపోయిందట. తన ముఖం తనకెలా కనపడింది? అద్దం ముందు పెట్టుకుని కన్నదా?"

చిన్నత్త పిల్ల మీది గుడ్డ సర్దింది.

"ఎన్నిసార్లు చెప్పినా చూడ్డానికి ఎలా ఉందో చెబుతుందే తప్ప, నొప్పి ఎలా ఉంటుందో ఒక్కసారీ చెప్పదు. ఏ సినిమాలో చూసి చెబుతోందో."

"అబద్ధం కాదమ్మా. అరవకపోవడం నిజమే."

కోడలికి ఒళ్లు మండింది. తొమ్మిది రోజులుగా అత్తగారి దగ్గర మింగిన మాటలన్నీ, ఎదురు చెప్పని ఈ మనిషి మీదికి మళ్లాయి.

"మీకేం తెలుసు? ఆవిడ అన్నవాటిలో మీ గురించి అన్నదొక్కటే నిజం. కన్నవాళ్లకి తెలుస్తుంది, మూడు రోజులు నోరు మూసుకుని ఎవరూ కనలేరని. అయినా మొగుడున్న ఆడది కంటుంటే పక్కింటికి వినపడితే తప్పేంటి? నోట్లో గుడ్డలు కుక్కుకుని దాచుకోవాల్సిన పనేంటి?"

అనేశాక తనకే సిగ్గేసింది. కానీ మాట వెనక్కి తీసుకోలేదు. చిన్నత్త కోప్పడలేదు. వెళ్లి తలుపు దగ్గరగా వేసింది. ఎప్పుడూ నిలబడే ఉండే మనిషి, వచ్చి మంచం అంచున కూర్చుంది. పాలు తాగుతున్న పిల్ల తల మీద ఒకసారి చెయ్యి వేసి తీసేసింది.

"పిల్లని తీసుకెళ్లిపోతానన్నావు కాబట్టి చెబుతున్నా. మీ ఆయనకి కూడా తెలీదు. అక్కకి బయటివాళ్ల భయం. ఎవరికి అనుమానం వస్తుందోనని, అడక్కపోయినా తనే కన్నానని చెప్పుకుంటూ వచ్చింది. చెప్పీ చెప్పీ ఇప్పుడు తనే నమ్ముతోంది. తనని అసహ్యించుకోకు."

కోడలు ఆవిడ ముఖంలోకి చూసింది.

"నాకు నొప్పులొచ్చిన ఆ మూడు రోజులూ అక్క నా చెయ్యి వదల్లేదమ్మా."