ఊదాచారల వెల్లుల్లి

"ఏమే, ఉన్నావా?"

గేటు దగ్గర ఆ పిలుపు వినగానే చిన్నకోడలి చేతిలోని ఉల్లికాడల కట్ట జారి కింద పడింది. ఆ గొంతు తనను పిలిచి పదకొండేళ్ళయింది. పెరడు రెండు ముక్కలై మధ్యలో గోడ లేచిన రోజు నుంచి తోడికోడళ్ళిద్దరికీ మాటల్లేవు.

పెద్దకోడలు ఆ వీధిలో అందరికీ తెలుసు. వెల్లుల్లమ్మ అంటారు. బజార్లో దొరికే తెల్ల వెల్లుల్లి ఆవిడ కంటికి ఆనదు. గడ్డంతా ఒకే రెబ్బగా ఉండేది, పిడికిలంత లావయ్యేది, కాడ రెండు చుట్లు తిరిగి నిలబడేది, ఇలా ఎనిమిది రకాలు పెంచుతుంది. అన్నిటిలోకీ ఊదాచారలది ఆవిడ ప్రాణం. ఏటా కూరగాయల ప్రదర్శనలో మొదటి బహుమతి దానిదే. పోయినేడు మాత్రం ఆ బహుమతి చిన్నకోడలి ఉల్లిపాయలకు వెళ్ళింది. వెల్లుల్లమ్మ నెల రోజులు గడప దాటలేదు.

ఇక ఆవిడ పిసినారితనం గురించి ఎంత చెప్పినా తక్కువే. చిన్నకోడలు వాళ్ళచేతా వీళ్ళచేతా విత్తనం అడిగించి భంగపడింది ఒకసారా, రెండుసార్లా? చివరికి ఎదురింటావిడ చేత కూడా అడిగించింది. ఒక్క రెబ్బ ఇస్తే చాలు, పెంచుకుంటానంది.

"నా పెరట్లో మొలిచింది నాతోనే పోతుందని చెప్పు" అని జవాబొచ్చింది. కడుపు మండదూ?

పాపం, ఆమె సరదాకి అడిగింది కాదు. భర్త ఫ్యాక్టరీలో నడుం విరగ్గొట్టుకుని రెండేళ్ళుగా మంచంలో ఉన్నాడు. పెరట్లో పండే ఉల్లికాడలు హోటళ్ళకూ, ఉల్లినారు నర్సరీకీ వేస్తేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. అరుదైన వెల్లుల్లి విత్తనం పండిస్తే ఎంతైనా కొంటానని నర్సరీ ఆయన ఎప్పటినుంచో ఊరిస్తున్నాడు. ఒక్క పంట చేతికొస్తే భర్తను పెద్ద డాక్టరుకు చూపించాలని ఆమె ఆశ.

"వింటున్నావా? గేటు తియ్యి. చేతులు పడిపోతున్నాయి."

తీసింది. ఎదురుగా వెల్లుల్లమ్మ, ఆవిడ చేతుల్లో పెద్ద బుట్ట. ఎనిమిది రకాల వెల్లుల్లి, ఒక్కో రకానికీ ఒక్కో రంగు దారం కట్టి ఉంది. అన్నిటికంటే పైన ఊదాచారలది!

"అక్కా... ఇవన్నీ నాకా?"

"మరి గోడకా? తీసుకో. ఈ ఏడు నేను వెయ్యడం లేదు. మళ్ళమీద పట్టా కప్పేశాను. వంగి లేవడం నావల్ల కావడం లేదే."

చిన్నకోడలి కళ్ళు నిండాయి.

"ఏడిచావంటే బుట్ట వెనక్కి తీసుకుపోతాను."

ఏడవనే ఏడ్చింది.

వంగలేనన్న మనిషి అక్కడే గొంతుక్కూర్చుంది. కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో గడ్డనూ ఎండకెత్తి తిప్పి తిప్పి చూసింది. చిన్న మచ్చ కనిపించినా తీసి పక్కనున్న సంచిలో పడేసింది.

"ఎంత శ్రద్ధక్కా నీకు!"

"బిడ్డల్లా పెంచానే. ఊరికే వస్తుందా?"

తర్వాత వెళ్ళి రెండు బకెట్ల మట్టి మోసుకొచ్చింది. చిన్నకోడలు నవ్వింది.

"మట్టెందుకక్కా? మా పెరట్లో లేదా?"

"పిచ్చిమొహమా! కొత్త చోట బెంగ పెట్టుకుంటాయి. పుట్టింటి మట్టి పిడికెడు పడితే కుదురుకుంటాయి. మిగిలింది నీ ఉల్లిమళ్ళలో చల్లెయ్యి, బలం."

లోపల మంచం మీంచి చిన్నకోడలి భర్త కేకేశాడు. "వదినా, టీ తాగి వెళ్ళు!"

"ఇంకోసారి వస్తాలే, నాయనా. ముందు నువ్వు లేచి తిరగాలి."

సాయంత్రానికల్లా చిన్నకోడలు సగం ఉల్లిమళ్ళు తీసేసి మరీ వెల్లుల్లి నాటేసింది. బెత్తెడుకొక రెబ్బ, రెబ్బకొక పిడికెడు అక్క మట్టి. మిగిలిన మట్టి ఒక్క రవ్వ కూడా వృథా చెయ్యకుండా ఉల్లిమళ్ళలో చల్లింది. చేతులైనా కడుక్కోకుండా నర్సరీ ఆయనకు ఫోన్ చేసింది.

"ఎనిమిది రకాలండీ! ఊదాచారలది కూడా! మా అక్కే ఇచ్చింది."

ఫోన్ పెట్టేసి గోడ వైపు చూసింది. ఇన్నేళ్ళూ ఆ మనిషిని ఎన్ని తిట్లు తిట్టుకుంది! తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

గోడ అవతల వెల్లుల్లమ్మ భర్త ముక్కున వేలేసుకున్నాడు.

"నువ్వేనా ఇచ్చింది? ఎన్నాళ్ళకెన్నాళ్ళకు! ఆ పిల్ల మొహం ఎలా వెలిగిపోతోందో చూశావా?"

"చూశాను" అంది.

కాళ్ళూ చేతులూ కడుక్కుని లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. బీరువాలో బట్టల అడుగున పెట్టిన కాగితం తీసి, మడత విప్పి, తీరిగ్గా మరోసారి చదువుకుంది.

మట్టి పరీక్ష చేసిన ఆఫీసు నుంచి పోయిన నెల వచ్చిన ఆ కాగితంలో, "మీ పెరటికి తెల్లబూజు తెగులు పట్టింది, ఇరవై ఏళ్ళ దాకా ఈ నేలలో వెల్లుల్లి గానీ ఉల్లి గానీ బతకదు, ఇక్కడి గడ్డ ఒక్కటి గానీ మట్టి పిడికెడు గానీ మీ గేటు దాటనివ్వకండి" అని రాసి ఉంది.