ఐదు వందల క్యాసెట్లు

చేపల చెరువులో కాళ్లకు టేపు చుట్టుకుని కొట్టుకుంటున్న నత్తగుల్ల కొంగను విడిపించబోయిన జుబియాకు, పక్కనే గుంజకు వేలాడుతున్న క్యాసెట్ మీద తన ఫొటోయే కనిపించింది.

చేపల చెరువుల బారి నుంచి కొల్లేరును కాపాడే సంఘానికి విరాళం కోసం ఆమె ఒక్కతే పియానో వాయించి విడుదల చేసిన క్యాసెట్ అది. ఐదు వందలూ నెల తిరక్కుండా అమ్ముడుపోయాయి.

గట్టుకేసి తిరగబోయింది. కాళ్లు రాలేదు. మోకాళ్ల దగ్గరున్న బురద తొడల దాకా పాకింది.

"గింజుకోమాకండి, ఇంకా దిగబడతారు. పడవ తెత్తన్నా" అన్నాడు చెరువు కాపలాదారు రత్తయ్య.

"ముందు ఈ టేపు ఎక్కడిదో చెప్పండి."

అతను దాచలేదు. టేపును నాలుగు పేటలుగా పేని చెరువు మీద లాగి కడితే గాలికి రొద చేస్తుందనీ, పక్షులు బెదిరి చేపల జోలికి రావనీ చెప్పాడు. విజయవాడ వన్ టౌన్‌లో పాత సామాన్ల కొట్టు నుంచి తెచ్చారట.

"పాతయ్యయితే ఊరికే తెగుతాయండీ. ఇయ్యి కొత్తయ్యి. పైన కాయితమన్నా చింపలేదు."

కొంగ విదిలించుకున్నకొద్దీ టేపు జుబియా మణికట్టుకూ బిగుస్తోంది. నీళ్లు నడుముకొచ్చాయి. గట్టు మీద నుంచి ఆమె తండ్రి హుమాయూన్ వెదురుగడ చాచాడు. అందలేదు.

"మీ చెరువుల వాళ్లే కక్షతో కొని పారేశారు" అంది జుబియా.

రత్తయ్య నవ్వాడు. "చేపకు తెగులొచ్చి మేం ఏడుత్తుంటే, పియానో మీద కక్షలకి తీరికెక్కడిదమ్మా?"

ఆమె తండ్రి వైపు తిరిగింది. ఎవరైతేనేం, ఐదు వందలు పాడుచేస్తే రెండు వేలు వేయిస్తానంది. బడిలో సంగీతం టీచరు ఉద్యోగానికి రేపే రాజీనామా ఇస్తానంది.

"జనం కొన్నారు అబ్బాజాన్. మళ్లీ కొంటారు."

హుమాయూన్ చేతిలో గడ జారి నీళ్లలో పడింది. చెప్పుల్తోనే చెరువులోకి దిగాడు. నాలుగడుగులు వేసేసరికి అతని కాళ్లూ ఇరుక్కుపోయాయి. కూతురు చేతికి అందే దూరంలో లేదు, తప్పుకునే దారీ లేదు.

"రాజీనామా ఇవ్వకు బేటీ. షాపుల్లో ఒక్కటీ కదల్లేదు. రోజూ ఎన్ని పోయాయని నువ్వడుగుతుంటే తట్టుకోలేక ఐదు వందలూ నేనే కొన్నాను. ఇంట్లో ఉంటే నీ కంటబడతాయని ఆ కొట్టుకు మోసుకెళ్లిందీ నేనే."